అప్పియా దారి మీద సైకిల్

శ్రోతలకు నమస్కారం.

పౌలు రోమా నగరానికి వస్తున్నాడని తెలిసి, అక్కడి సహోదరులు ఆయనకు ఎదురు వెళ్లారని అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయంలో ఉంది. ఎంత దూరం వెళ్లారయ్యా అంటే, అప్పీయా సంతపేట దాకా, త్రిసత్రముల దాకా. తెలుగు బైబిలు చదివే ఇళ్లలో ఈ పేర్లు చిన్నప్పటి నుంచీ చెవినపడేవే. ఆ సంతపేట పేరులో ఉన్న దారి ఇంకా ఉంది. రోమ్ పాత కోట గోడ దాటి, ఆ రాళ్ల మీదే ఇప్పటికీ వెళ్లవచ్చు. నేను సైకిల్ మీద వెళ్లాను. ఆ ప్రయాణం గురించే ఈ పూట మీతో చెప్పాలని వచ్చాను.

ఈ దారి పేరు వియా అప్పియా. క్రీస్తు పూర్వం 312లో అప్పియస్ క్లాడియస్ అనే రోమన్ అధికారి వేయించాడు. నగరానికి మొట్టమొదటి నీటి కాలువ తెప్పించినవాడూ ఆయనే. దారి మొదట కాపువా పట్టణం దాకా వెళ్లింది. తరువాతి తరాలవాళ్లు దాన్ని తూర్పు తీరంలోని బ్రిండిసి ఓడరేవు దాకా, ఐదువందల కిలోమీటర్లకు పైగా సాగదీశారు. 2024 జూలైలో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ నిర్ణయం జరిగిన సమావేశం మన న్యూఢిల్లీలోనే జరిగింది.

రోమ్ గోడల దగ్గర మొదలై ఆగ్నేయంగా, అల్బన్ కొండల వైపు విచ్చుకుంటూ పోయే పార్కు ఒకటుంది. సుమారు 11,000 ఎకరాలు. దాని మధ్యలోంచి వెళ్తుంది మన దారి. ఆ పార్కులో ఇంకా గొర్రెలు మేస్తాయి, వాగు పారుతుంది, సమాధులు, స్నానశాలలు, పాడుబడ్డ మేడలు కనిపిస్తాయి. నడిచి చూడాలంటే రోజు చాలదు. కారులో వెళితే ఏమీ కనబడదు. సైకిలే దానికి తగిన బండి.

మొదలు పెట్టేది శాన్ సెబాస్టియానో ద్వారం దగ్గర. అది మూడో శతాబ్దపు ఔరేలియన్ గోడలోది. మొదటి రెండు మూడు కిలోమీటర్లు బాగుండవని ముందే చెప్పేస్తాను. రెండు పక్కలా ఎత్తైన ప్రహరీలు, ఇరుకు రోడ్డు, ఫుట్‌పాత్ లేదు, బస్సులూ కార్లూ భుజం రాసుకుంటూ పోతాయి. అందుకే ఆదివారం వెళ్లాలి. ఆ రోజు వాహనాలకు ఆంక్షలుంటాయి. క్వో వాదిస్ అనే చిన్న చర్చి దగ్గర దారి చీలుతుంది. అక్కడే శాన్ కాలిస్టో భూగర్భ సమాధుల ఆవరణకు గేటు ఉంటుంది. ఆ గేటులోంచి పొలాల మధ్యగా, సైప్రస్ చెట్ల కింద ఒక ప్రశాంతమైన బాట వెళ్తుంది. పెద్ద రోడ్డును వదిలి దాన్ని పట్టుకుంటే ట్రాఫిక్ బాధ తప్పుతుంది. కింద, మన చక్రాల కింద, మెత్తని రాతిలో తవ్విన సొరంగాల్లో తొలి క్రైస్తవుల సమాధులున్నాయి. వాటిని చూడడానికి వేరే పూట పెట్టుకోండి, సైకిల్ ప్రయాణంతో కలపకండి.

బయటికి రాగానే మాక్సెంటియస్ చక్రవర్తి కట్టించిన రథాల పందెం మైదానం, ఆ తరువాత చిన్న ఎగువ. ఎగువ ఎక్కేసరికి గుండ్రటి బురుజులాంటి కట్టడం ఎదురవుతుంది. సిసీలియా మెటెల్లా అనే ఉన్నత కుటుంబపు స్త్రీ సమాధి అది. మధ్యయుగాల్లో కాయెతాని కుటుంబం దాన్ని కోటగా మార్చి, దారిన పోయేవాళ్ల దగ్గర సుంకం వసూలు చేసింది. నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం ఆ కోట అడుగున కనిపించే నల్లటి రాయి. అది లావా. లక్షల ఏళ్ల కింద అల్బన్ అగ్నిపర్వతం నుంచి పారిన లావా నాలుకలా సాగి, సరిగ్గా ఈ ప్రాంతానికి వచ్చి ఆగిపోయింది. రోమన్లు ఆ గట్టి నాలుక మీదుగానే దారి వేశారు, ఆ లావా రాతినే చెక్కి దారిలో పరిచారు. అంటే దారికి పునాదీ, పైన పరుపూ రెండూ ఆ కొండ పంపినవే.

అసలు రాళ్లు ఇక్కడి నుంచి మొదలవుతాయి. ఒక్కొక్కటీ రోకలిపోటు తిన్నట్టు నున్నగా, ఉబ్బెత్తుగా ఉంటుంది. పెద్ద గుమ్మడికాయలను నేలలో సగం పాతిపెట్టినట్టు అనుకోండి. ఆరో శతాబ్దంలో ప్రొకోపియస్ అనే చరిత్రకారుడు ఈ దారిని చూసి, రాళ్లను పేర్చినట్టు లేదు, ఒకదానితో ఒకటి కలిసి పెరిగినట్టు ఉందని రాశాడు. అప్పటికే దారికి ఎనిమిదివందల ఏళ్లు దాటాయి. ఇప్పుడా అంచులు అరిగిపోయాయి, సందులు తెరుచుకున్నాయి. కొన్ని రాళ్లలో బండి చక్రాలు కోసిన గాడులు అలాగే ఉన్నాయి. సన్న టైరు వేసుకుని వెళితే ఆ సందుల్లో ఇరుక్కుంటుంది. వెడల్పు టైరు కావాలి, గాలి కాస్త తగ్గించుకోవాలి, సీటు మీద కూర్చోకుండా పెడళ్ల మీద లేచి నిలబడాలి. హ్యాండిల్‌ను బిగబట్టకూడదు. వదులుగా పట్టుకుంటే సైకిలే తన దారి వెతుక్కుంటుంది. అది కూడా కష్టమైన చోట దారి పక్కన, గడ్డి అంచున, ముందు వెళ్లినవాళ్లు చేసిన మట్టి బాట ఉంటుంది. అందరూ దాని మీదే వెళ్తారు.

నేను మాత్రం పావు కిలోమీటరుకోసారి దిగాను. మోచేతులు నొప్పి పుట్టి మొదట దిగాను. తరువాత చూడడానికి దిగాను. ఈ దారి పక్కన ఎక్కడ దిగినా ఏదో ఒకటి ఉంటుంది. రోమ్ చట్టం ప్రకారం చనిపోయినవాళ్లను ఊరి లోపల ఉంచకూడదు. కాబట్టి స్తోమత ఉన్నవాళ్లంతా నలుగురూ నడిచే దారి పక్కన సమాధి కట్టుకున్నారు. ఒక చోట మూడు ముఖాలు వరసగా రాతిలోంచి మనల్ని చూస్తుంటాయి. రబీరియస్ హెర్మొడోరస్, రబీరియా డెమారిస్, ఉసియా ప్రిమా. మొదటి ఇద్దరూ బానిసత్వం నుంచి విడుదలైనవాళ్లు. మూడో ఆమె ఐసిస్ అనే ఈజిప్టు దేవత పూజారిణి. దారి పక్కనున్నది నకలు, అసలు రాయి మ్యూజియంలో ఉంది. అయినా ఎండలో, పైన్ చెట్ల నీడలో ఆ ముఖాల ముందు సైకిల్ ఆపినప్పుడు, స్వేచ్ఛ సంపాదించుకున్న మనుషులు తమ పేర్లు చెక్కించుకోవడానికి ఈ దారినే ఎంచుకోవడం నా మనసులో నిలిచిపోయింది.

ఎందుకంటే ఇదే దారి మీద, క్రీస్తు పూర్వం 71లో, స్పార్టకస్ తిరుగుబాటు ఓడిపోయాక, పట్టుబడ్డ 6,000 మంది బానిసలను కాపువా నుంచి రోమ్ దాకా సిలువ వేశారు. సమాన దూరంలో అనుకుంటే ముప్పై మూడు మీటర్లకు ఒకరు. నా సైకిల్ మీద ఏడెనిమిది తొక్కుళ్లకు ఒకరు. ఒకసారి ఆ లెక్క మనసులో పడ్డాక కాసేపు తొక్కలేకపోయాను.

ఈ దారి ఇవాళ ఇలా మిగలడం దానంతట అది జరగలేదు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత రోమ్ ఊరు నాలుగు వైపులా పెరిగింది. సమాధుల మధ్య స్థలాలు కొని విల్లాలు కట్టారు. పాత శిల్పాల ముక్కలు ప్రహరీ గోడలకు అలంకారమయ్యాయి. 1953లో అంతోనియో చెదెర్నా అనే పాత్రికేయుడు ఆ దోపిడీ మీద కలం ఎత్తాడు. ఒక వ్యాసంతో ఆగలేదు, నలభై ఏళ్ల పాటు రాస్తూనే ఉన్నాడు. 1965లో ఈ భూమిని నగర ప్రణాళికలో పార్కుగా గుర్తించారు. ప్రాంతీయ పార్కు చట్టం 1988లో వచ్చింది. అంటే మొదటి వ్యాసానికీ చట్టానికీ మధ్య 35 ఏళ్లు. చెదెర్నా ఆ పార్కుకు అధ్యక్షుడిగానూ పనిచేసి 1996లో కన్నుమూశాడు. కాపో ది బోవే అనే చోట ఒకప్పటి ప్రైవేటు విల్లాను ప్రభుత్వం 2002లో కొన్నది. దాని తోటలో తవ్వితే రోమన్ స్నానశాల బయటపడింది. చెదెర్నా కాగితాలన్నీ ఇప్పుడా ఇంట్లోనే భద్రంగా ఉన్నాయి. ఆ తోటలో బల్లలున్నాయి. సైకిల్ ఆనించి ఒక్క పది నిమిషాలైనా కూర్చోండి. మనం తొక్కే ప్రతి మీటరుకూ ఆ మనిషికి రుణపడి ఉన్నాం.

ఇంకా ముందుకు వెళితే క్వింతిలీ సోదరుల భవనం. ఆ ఇద్దరన్నదమ్ములనూ కొమోడస్ చక్రవర్తి చంపించి ఇంటిని తీసుకున్నాడు. శిథిలాలు ఎంత పెద్దవంటే, తరువాతి కాలం జనం దాన్ని ఊరే అనుకుని పాత రోమ్ అని పిలిచారు. అక్కడి నుంచి జనం పలచబడతారు. రోమ్ చుట్టూ తిరిగే పెద్ద రింగు రోడ్డు ఒకప్పుడు ఈ దారిని రెండుగా కోసేసింది. 2000 సంవత్సరపు జూబిలీ, అంటే కాథలిక్కుల పుణ్య సంవత్సరం కోసం దాన్ని సొరంగంలోకి దించారు. ఇప్పుడు కింద కార్లు, పైన సైకిళ్లు. ఓపిక ఉంటే పన్నెండో రోమన్ మైలు దగ్గరి ఫ్రాత్తోక్కియె దాకా వెళ్లవచ్చు. నీళ్లు మాత్రం రెండు సీసాలు పెట్టుకోండి, ఆ భాగంలో నీడా తక్కువే, దుకాణాలూ తక్కువే.

పిల్లలతో వెళ్లేవాళ్లకు ఈ రాళ్ల దారి వద్దు. వాళ్లకు కఫారెల్లా లోయ ఉంది. ఊరి ఇళ్లకు కూతవేటు దూరంలోనే మట్టి బాటలు, అల్మోనే వాగు, గొర్రెల మందలు, ఎజీరియా అనే జలదేవత పేరు మీద ఉన్న పాత ఊట మండపం కనిపిస్తాయి. వర్షం పడ్డ మర్నాడు మాత్రం బురద చక్రాలను పట్టేస్తుంది. ఆ లోయ నుంచి తోర్ ఫిస్కాలె మీదుగా కాలువల పార్కుకు వెళ్లవచ్చు. అక్కడ క్లాడియా కాలువ తోరణాలు వరసగా, కొన్ని చోట్ల 27 మీటర్ల ఎత్తున నిలబడి ఉంటాయి. కొండల నుంచి ఊరికి నీళ్లు తెచ్చిన ఆ కట్టడం పక్కనే ఇప్పుడు రైళ్లు పోతాయి, పిల్లలు బంతాట ఆడుకుంటారు. బాట చదునుగా ఉంటుంది, ఎంత చిన్న సైకిలైనా సాగిపోతుంది.

నేను తిరిగి వచ్చింది అప్పియా మీదుగానే. పొద్దు వాలిపోయింది. 1960 ఒలింపిక్స్‌లో ఇథియోపియా సైనికుడు అబెబె బికిలా మారథాన్‌లో ఇటే, ఊరి వైపే పరుగెత్తాడు. రాత్రి పూట, దారి పొడవునా కాగడాల వెలుగులో, కాళ్లకు బూట్లు లేకుండా. కాన్‌స్టంటైన్ తోరణం దగ్గర 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లకు గీత దాటాడు. మెటెల్లా సమాధి దగ్గర సైకిల్ ఆపి, బూట్లు విప్పి, ఒక రాయి మీద పాదం పెట్టాను. పొద్దు పోయినా రాయి ఇంకా వెచ్చగానే ఉంది.