సైటేషన్ దొరికింది సరే, అందులో ప్రాణముందా?

(లా కాలేజీ చివరి ఏడాది విద్యార్థుల ముందు ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. భోజనాల తర్వాతి సెషన్ నాకిచ్చారు. కోర్టులో కూడా లంచ్ తర్వాత పిలిచే కేసంటే మాకు కొంచెం గుబులే, అందరికీ కళ్లు మూతలు పడే వేళ అది. అందుకని ముందు నా పరువు పోయిన కథ చెబుతాను. అవతలివాడి పరువు పోయిన కథకి ఎవరూ నిద్రపోరు.

2014 డిసెంబర్. ఒక జిల్లా కోర్టులో డబ్బు దావా. మా క్లయింట్ దగ్గర ఫోన్‌లో రికార్డయిన సంభాషణ ఉంది. అప్పు తీసుకున్నానని ప్రతివాది తన నోటితో తనే ఒప్పుకున్న మాటలు. దాన్ని సీడీలో ఎక్కించి సాక్ష్యంగా మార్క్ చేయించబోతే అవతలి లాయరు గారు అడ్డుపడ్డారు, ఎవిడెన్స్ యాక్ట్ సెక్షన్ 65బి సర్టిఫికెట్, అంటే ఆ ఎలక్ట్రానిక్ రికార్డు ఎలా తయారైందో చెప్పే ధ్రువపత్రం, ఏదని. నేను తొణకలేదు. నా డైరీలో నవజోత్ సంధు కేసు ఉంది. పార్లమెంటు మీద దాడి కేసులో 2005లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. సర్టిఫికెట్ లేకపోయినా ఇతర సెక్షన్ల కింద ద్వితీయ సాక్ష్యంగా, అంటే అసలుకి బదులు నకలుగా, తీసుకోవచ్చని అందులో ఉంది. గొంతు పెంచి చదివాను. వెనక బెంచీల్లో కూర్చున్న జూనియర్లకి కూడా వినపడాలని ఇంకాస్త పెంచాను.

అవతలి ఆయన లేచి, ఏమీ మాట్లాడకుండా ఒక ప్రింటవుట్ జడ్జిగారికి, ఒకటి నాకు ఇచ్చారు. అన్వర్ వర్సెస్ బషీర్. 2014 సెప్టెంబర్ 18. ముగ్గురు జడ్జీల బెంచ్. ఎలక్ట్రానిక్ సాక్ష్యం విషయంలో నవజోత్ సంధు చెప్పింది సరికాదని తేల్చేసింది. జడ్జిగారు కోప్పడలేదు. కళ్లద్దాల మీదుగా చూసి, "చదివింది బాగానే ఉంది గానీ, అది పోయి మూడు నెలలయిందండీ" అన్నారు. దశదిన కర్మ కూడా అయిపోయిన మనిషిని సాక్షిగా పిలిచినట్టయింది నా పని.

ఆ రోజు నేను చేసిన తప్పేమిటో జాగ్రత్తగా గమనించండి. నేను చదవకుండా వెళ్లలేదు. తీర్పు నిజమైనదే, సైటేషన్, అంటే ఆ తీర్పు ఏ పుస్తకంలో ఏ పేజీలో ఉందో చెప్పే గుర్తు, కరెక్టే, పేరా నంబరు కూడా కరెక్టే. అది ఇంకా నిలబడి ఉందా లేదా అన్నది మాత్రం చూసుకోలేదు. లీగల్ రీసెర్చ్ అనగానే మీరందరూ దొరకబుచ్చుకోవడం గురించే ఆలోచిస్తారు. ఈ రోజుల్లో దొరకడం పెద్ద పనేమీ కాదు. ఇండియన్ కానూన్ సైట్‌లో నాలుగు మాటలు కొడితే నాలుగు వందల తీర్పులు వచ్చి పడతాయి. వాటిలో ఏవి బతికున్నాయో, ఏవి సగం చచ్చాయో, ఏవి పోయి కూడా ఇంకా తిరుగుతున్నాయో తేల్చడంలోనే పనంతా ఉంది.

ఆ 65బి కథ అక్కడితో ఆగలేదు. 2018లో షఫీ మొహమ్మద్ కేసులో ఇద్దరు జడ్జీల బెంచ్, పరికరం మన చేతిలో లేనప్పుడు సర్టిఫికెట్ కోసం పట్టుబట్టక్కర్లేదన్నట్టు సడలించింది. 2020 జులై 14న అర్జున్ పండిత్‌రావు ఖోట్కర్ కేసులో ముగ్గురు జడ్జీలు దాన్ని తోసిపుచ్చి, అన్వర్ చెప్పిందే సరైనదన్నారు. ఇక 2024 జులై 1 నుంచి ఎవిడెన్స్ యాక్టే లేదు. భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చింది. 65బి స్థానంలో సెక్షన్ 63 ఉంది. సర్టిఫికెట్ నమూనా చట్టం షెడ్యూల్‌లోనే ఇచ్చారు. అందులో రెండు భాగాలు. మొదటిది సాక్ష్యం దాఖలు చేసేవాళ్లది, రెండోది నిపుణుడిది. ఫైలుని ఎవరూ మార్చలేదని తేల్చే హ్యాష్ వాల్యూ అనే గుర్తు కూడా రాయాలి. అంటే పదేళ్లలో ఒకే ప్రశ్నకి జవాబు నాలుగు మలుపులు తిరిగింది. మధ్యలో ఏ ఒక్క తీర్పు దగ్గర మీరు ఆగిపోయినా తప్పు జవాబుతో ఇంటికి వెళతారు.

కాబట్టి తీర్పు దొరకగానే సంబరపడకుండా, దాని తర్వాత దాన్ని ఉదహరించిన తీర్పులు చూడండి. ఇండియన్ కానూన్‌లో 'సైటెడ్ బై' అని ఉంటుంది, ఉచితమే. డబ్బు కట్టి వాడే ఎస్‌సీసీ ఆన్‌లైన్, మనుపాత్ర డేటాబేస్‌లు మీ కాలేజీ లైబ్రరీలో ఉంటే ఇంకా సుఖం. ఉచిత సైట్లలో ఓవర్‌రూల్ అయిందని, అంటే తర్వాత పెద్ద బెంచ్ తోసిపుచ్చిందని, ఎర్రజెండా పెట్టి ఉండదు. మీరే తవ్వుకోవాలి.

తవ్వుతున్నప్పుడు మొదట లెక్కపెట్టాల్సింది జడ్జీలని. మన రాష్ట్రాల కథే చెబుతాను. ఎస్సీ వర్గీకరణ గురించి ఇళ్లల్లో, టీకొట్ల దగ్గర మాట్లాడుకోగా వినని వాళ్లు ఇక్కడ ఉండరు. జస్టిస్ రామచంద్రరాజు కమిషన్ తర్వాత ఎస్సీ రిజర్వేషన్‌ని ఏ, బీ, సీ, డీ అని 1, 7, 6, 1 శాతంగా విడదీశారు. 2000లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది, హైకోర్టు సమర్థించింది. 2004 నవంబర్ 5న ఇ.వి. చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచ్ ఆ చట్టాన్ని కొట్టేసింది. ఆ దెబ్బ ఇక్కడితో ఆగలేదు. పంజాబ్ చేసుకున్న ఇలాంటి చట్టాన్ని కూడా 2010లో అక్కడి హైకోర్టు చిన్నయ్యని చూపించే కొట్టేసింది.

ఆ పంజాబ్ కేసే దవీందర్ సింగ్. 2020 ఆగస్టులో ఐదుగురు జడ్జీల బెంచ్ ముందుకొచ్చింది. చిన్నయ్య తీర్పు సరికాదని వాళ్లకి అనిపించింది. అనిపించినా ఏం చేయగలరు? వాళ్లూ ఐదుగురే, చిన్నయ్యా ఐదుగురే. సమాన సంఖ్య ఉన్న బెంచ్ సమానమైన బెంచ్‌ని తోసిపుచ్చలేదు. పెద్ద బెంచ్‌కి పంపారు. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీలు, ఆరుగురు ఒకవైపు, జస్టిస్ బేలా త్రివేది ఒక్కరే మరోవైపు, చిన్నయ్యని ఓవర్‌రూల్ చేశారు. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో మూడు గ్రూపులుగా 1, 9, 5 శాతం వర్గీకరణ అమల్లోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ కూడా అదే నెలలో ఆర్డినెన్స్ తెచ్చింది. బెంచ్‌లో ఎంతమంది కూర్చున్నారన్న లెక్క, ఇరవై ఏళ్లపాటు లక్షల మంది ఉద్యోగాల లెక్కయింది. మీ నోట్సులో ప్రతి తీర్పు పేరు పక్కనా ఒక అంకె వేసుకోండి. 2, 3, 5, 7, ఎంతైతే అంత. చిన్న పనే, చాలామంది చేయరు.

చిన్నయ్య తీర్పు తేదీ 2004 అన్నాను కదా, దాని సైటేషన్ మాత్రం (2005) 1 ఎస్‌సీసీ 394, అంటే ఎస్‌సీసీ (సుప్రీం కోర్ట్ కేసెస్) అనే తీర్పుల పుస్తకంలో 2005 మొదటి సంపుటి, 394వ పేజీ. బ్రాకెట్‌లో ఉన్నది ఆ సంపుటి సంవత్సరం, తీర్పు వచ్చిన సంవత్సరం కాదు. ఎఫ్‌ఐఆర్ విషయంలో అందరూ చెప్పే లలితా కుమారి తీర్పు 2013 నవంబర్ 12న వచ్చింది, ఎస్‌సీసీలో (2014) 2 అని ఉంటుంది. వైవాలో ఇది అడిగితే సగం క్లాసు జారిపడుతుంది. ఇప్పుడు ఏ పుస్తకంతోనూ పని లేకుండా కోర్టే ఇచ్చే న్యూట్రల్ సైటేషన్ వచ్చి ఈ బాధ తగ్గింది. దవీందర్ సింగ్ అంటే 2024 ఐఎన్‌ఎస్‌సి 562, అంతే. 2023లో సుప్రీంకోర్టు తన తీర్పుల కోసం ఈ-ఎస్‌సీఆర్ అనే సైట్ పెట్టాక అధికారిక రిపోర్టులు కూడా పైసా ఖర్చు లేకుండా చదువుకోవచ్చు. కొన్ని తీర్పుల తెలుగు అనువాదాలూ పెడుతున్నారు. అర్థం చేసుకోవడానికి వాటిని వాడండి, ఉదహరించేటప్పుడు మాత్రం ఇంగ్లీషు పాఠం పట్టుకోండి.

ఇక మీ తరానికి మాత్రమే వచ్చిన తలనొప్పి ఒకటుంది. మా రోజుల్లో క్రిమినల్ కేసుల పద్ధతి చెప్పే సీఆర్‌పీసీలో 482 అంటే క్వాష్. ఎఫ్‌ఐఆర్ కొట్టేయమని హైకోర్టుకి వెళ్లే దారి. నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్లం. దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 482 అంటే ముందస్తు బెయిల్. పాత 438 వచ్చి 482లో కూర్చుంది. క్వాష్ వెళ్లి 528లో కూర్చుంది. రైల్లో మన సీటు మీద ఎవరో తుండు వేసుకుని కూర్చున్నట్టు. మొన్నామధ్య ఒక జూనియర్ ముందస్తు బెయిల్ పిటిషన్‌కి నోట్ తయారుచేసి తెచ్చాడు. 482 అని సెర్చ్ కొట్టాడు. పది తీర్పులు వచ్చాయి, పదీ క్వాష్ తీర్పులే. "అన్నీ సుప్రీంకోర్టువే సార్" అన్నాడు పాపం.

అందుకే కొత్త చట్టాల మీద రీసెర్చ్ చేసేటప్పుడు రెండు నంబర్లతోనూ వెతకండి. సెక్షన్ మాటలు పాతవీ కొత్తవీ పక్కపక్కన పెట్టి చదవండి. మాటలు అవే ఉంటే పాత తీర్పులు పనికొస్తాయి. ఒక్క మాట మారినా ఆగి ఆలోచించాలి. 511 సెక్షన్ల ఐపీసీ పోయి 358 సెక్షన్ల భారతీయ న్యాయ సంహిత వచ్చిందంటే కొన్ని కలిశాయి, కొన్ని పోయాయి, కొన్ని కొత్తగా వచ్చాయి. పుస్తకంలో ఉన్నంత మాత్రాన అమల్లో ఉన్నట్టు కూడా కాదు. మిగతా న్యాయ సంహిత అమల్లోకి వచ్చినప్పుడు సెక్షన్ 106(2) మాత్రం రాలేదు. అది ప్రమాదం చేసి చెప్పకుండా పారిపోయిన డ్రైవర్ల మీద పదేళ్ల దాకా శిక్ష వేసే సెక్షన్, లారీ డ్రైవర్లు సమ్మె చేసింది దాని మీదే. నేరం జరిగిన తేదీ కూడా చూడాలి. 2024 జూన్‌లో జరిగిన మోసానికి ఆగస్టులో ఎఫ్‌ఐఆర్ కడితే నేరం ఐపీసీ 420 కిందే, ఎందుకంటే రాజ్యాంగం 20(1) అధికరణం వెనక్కి వెళ్లి శిక్షించనివ్వదు. దర్యాప్తు పద్ధతి మాత్రం కొత్త సంహిత ప్రకారం నడుస్తుంది.

తేదీ సంగతి అలా ఉంటే, మనకి ఊరి గొడవ కూడా ఉంది. కౌలుదారీ కేసు మీద మెమోరియల్ (మూట్ కోర్టు కోసం రాసే వాదన) రాయమంటే, భూమి కరీంనగర్‌లో ఉంటే (ఆంధ్ర ఏరియా) టెనెన్సీ యాక్ట్ 1956 పట్టుకొచ్చేవాళ్లు ప్రతి ఏడాదీ తగులుతారు. బ్రాకెట్‌లో ఉన్న ఆ 'ఏరియా' మాటని ఎవరూ చదవరు. తెలంగాణ ఏరియాకి 1950 నాటి వేరే చట్టం ఉంది. తెలంగాణలో భూమి రికార్డులు ధరణి పోర్టల్ నాటి 2020 చట్టం నుంచి 2025లో భూ భారతి చట్టానికి మారాయి. ఆంధ్రప్రదేశ్‌లో ల్యాండ్ టైట్లింగ్ చట్టాన్ని 2024లో రద్దు చేశారు, దాని మీద రాసిన వ్యాసాలు మాత్రం నెట్‌లో నిక్షేపంగా ఉన్నాయి. 2019 జనవరి 1 నుంచి హైకోర్టులే రెండయ్యాయి. ఇంకా వెనక్కి వెళితే, 1954 జులై 5న గుంటూరులో ఆంధ్ర హైకోర్టు ఏర్పడక ముందటి మద్రాసు తీర్పులు తమకి శిరోధార్యమేనని ఆ హైకోర్టు ఫుల్ బెంచ్ తొలినాళ్లలోనే చెప్పింది. కాబట్టి మీ లైబ్రరీలో మన హైకోర్టు తీర్పులుండే ఏఎల్‌టీ, ఏఎల్‌డీ సంపుటాల మీద దుమ్ము దులపండి. రాష్ట్ర చట్టాల మీద అవి ఇచ్చినంత ఢిల్లీ పుస్తకాలు ఇవ్వవు.

పేపర్లలో కోర్టు వార్తల మాటకొస్తే, మన తెలుగు పేపర్లలో కోర్టులు ఎప్పుడూ మొట్టికాయలు వేస్తూనే ఉంటాయి. 'సుప్రీం ఆగ్రహం', 'హైకోర్టు మండిపాటు'. జడ్జిగారు వాదన మధ్యలో అన్న మాట ఉత్తర్వు కాదు. సాయంత్రం సైట్‌లో ఆర్డర్ కాపీ తెరిస్తే 'రెండు వారాల తర్వాత లిస్ట్ చేయండి' అని ఒక్క ముక్క ఉంటుంది. దవీందర్ సింగ్ వచ్చిన రోజు కూడా ఎస్సీలకి క్రీమీలేయర్ వచ్చేసినట్టే చాలామంది మాట్లాడారు. తీర్పు తెరిచి చూడండి, ఆరు వేర్వేరు అభిప్రాయాలున్నాయి. నలుగురు జడ్జీలు క్రీమీలేయర్ ఉండాలన్నారు, నిజమే. కానీ బెంచ్‌కి పంపిన ప్రశ్న వర్గీకరణ గురించి, క్రీమీలేయర్ గురించి కాదు. రేషియోకీ (తీర్పుకి ఆధారమై, తర్వాతివాళ్లని కట్టేసే కారణం) ఒబిటర్‌కీ (మాటవరసకి అన్నది) తేడా మీరు ఫస్టియర్‌లో బట్టీ కొట్టిందే, ఇక్కడ పనికొస్తుంది.

ఏఐ గురించి చెప్పమని మీ సారు ప్రత్యేకంగా అడిగారు. 2023లో న్యూయార్క్‌లో మాటా వర్సెస్ ఏవియాంకా కేసులో లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన, అసలు లేనే లేని తీర్పులు దాఖలు చేసి 5,000 డాలర్ల జరిమానా కట్టారు. వాటిలో ఒకటి నిజమేనా అని ఆ లాయరు మళ్లీ చాట్‌జీపీటీనే అడిగాడు. నిజమేనంది. దొంగని పట్టుకుని నువ్వు దొంగవా అని అడిగితే ఏమంటాడు? మన దగ్గర బెంగళూరు ఆదాయపు పన్ను ట్రిబ్యునల్ కూడా 2024 డిసెంబర్‌లో ఇచ్చిన ఒక ఉత్తర్వులో లేని తీర్పులు ఉదహరించి, దాన్ని తనే వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. నేను వాడను అనను. నోట్‌కి భాష సరిచేయడానికి వాడతాను. తీర్పు పేరు దాని నోట వస్తే మాత్రం ఈ-ఎస్‌సీఆర్‌లో నా కంటితో చూసేదాకా అది పుట్టనట్టే లెక్క.

సరే, మీ మొహాలు చూస్తుంటే మీరు అడగబోయే మొదటి ప్రశ్న నాకు తెలుస్తోంది. జడ్జి పరీక్షకి మూడేళ్ల ప్రాక్టీసు కావాలా? సుప్రీంకోర్టు 2002లో ఆ షరతు తీసేసింది. 2025 మే 20న ముగ్గురు జడ్జీల బెంచ్ మళ్లీ పెట్టింది. ప్రాక్టీసుని ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ (లాయరుగా తాత్కాలికంగా పేరు నమోదు) తేదీ నుంచి లెక్కేస్తారు, బార్ పరీక్ష పాసైన రోజు నుంచి కాదు. సర్టిఫికెట్ అక్కడి ప్రధాన జడ్జి ఇవ్వాలి, లేదా పదేళ్ల అనుభవం ఉన్న లాయరు ఇస్తే దాని మీద ఆ జడ్జి సంతకం ఉండాలి. లా క్లర్కుగా చేసిన కాలమూ కలుస్తుంది. అప్పటికే మొదలైన నియామకాలకి ఇది వర్తించదన్నారు. ఇది నేను తీర్పు చదివి చెబుతున్న మాట. ఆ తర్వాత రివ్యూలో ఏమైంది, ఏమన్నా మారిందా అన్నది మీలో ఒకరు ఇప్పుడే ఫోన్ తీసి సుప్రీంకోర్టు సైట్‌లో చూసి చెప్పండి. కోచింగ్ సెంటర్ వాట్సాప్ గ్రూపులో కాదు, అమ్మా, సైట్‌లో. ఆ వెనక వరసలో నీలం చొక్కా బాబూ, ఫోన్ ఎలాగూ చేతిలోనే ఉంది, నువ్వే చూడు.