ఉడికినా పోని విషం

శ్రోతలకు నమస్కారం.

1997 సెప్టెంబరులో కేరళలోని విళింజం తీరంలో ఏడుగురు చనిపోయారు. 500 మందికి పైగా ఆసుపత్రుల్లో చేరారు. వాళ్లు తిన్నది సముద్రపు రాళ్లకు అతుక్కుని పెరిగే ఒక రకం ఆల్చిప్పల మాంసం. అక్కడివాళ్లు దాన్ని చిప్పి అంటారు.

చిప్పి మేత కోసం ఎక్కడికీ పోదు. రెండు చిప్పలూ కాస్త తెరిచి, నీళ్లు లోపలికి లాక్కుని, మొప్పలతో వడకట్టి సూక్ష్మమైన నాచును మింగుతుంది. ఎదిగిన చిప్పి గంటకు లీటరుకు పైనే వడగడుతుంది. ఆ నాచులో కొన్ని జాతులు శాక్సిటాక్సిన్ అనే, మనుషులకు పక్షవాతం తెచ్చే విషాన్ని తయారుచేస్తాయి. అది చిప్పిని చంపదు, దాని జీర్ణగ్రంథిలో పోగుపడుతుంది.

నాచు బలిసి నీళ్లు ఎర్రబడితేనే ప్రమాదమనుకోవద్దు. లీటరు నీటిలో ఈ విషపు నాచు కణాలు కొన్ని వేలున్నా చాలు, నీళ్ల రంగు మాత్రం మామూలుగానే ఉంటుంది. అదే రంపపు పొట్టులా తేలే ట్రైకోడెస్మియం అనే మరో రకం నాచు దూరం నుంచే కనబడుతుంది, కానీ దానితో ఈ పక్షవాతం రాదు. 2019లో మన్నార్ సింధుశాఖను పచ్చగా మార్చిన నాక్టిల్యూకా అనే సూక్ష్మజీవి చేపల్ని చంపింది. అది నీటిలో ప్రాణవాయువును తగ్గించి, అమ్మోనియాను పెంచే రకం.

హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ ఉపగ్రహ చిత్రాలతో ఈశాన్య అరేబియా సముద్రం, కేరళ తీరం, మన్నార్ సింధుశాఖ, ఒడిశాలోని గోపాల్‌పూర్ తీరాలను గమనిస్తూ నాచు పెరిగిన చోట్లను తెలియజేస్తోంది. ఎంతో అవసరమైన సేవ ఇది. అయితే ఉపగ్రహానికి కనబడేది నీటి రంగే, విషం కాదు. పైగా అడుగునీరు పోషకాలతో పైకొచ్చి నాచు బలిసే నైరుతి రుతుపవనాల రోజుల్లోనే మబ్బులు దానికి అడ్డుపడతాయి. అందుకే మాంసాన్నే పరీక్షించాలి. 100 గ్రాముల మాంసంలో ఈ విషం 80 మైక్రోగ్రాములు దాటితే ఆ సరుకు అమ్మకూడదు.

ఇక వంటింటి సంగతి. ఎంతసేపు ఉడికించినా, వేయించినా, నిమ్మరసం పిండినా, ఫ్రీజర్‌లో పెట్టినా ఈ విషం పోదు. ఉడికేటప్పుడు కొంత నీళ్లలోకి దిగుతుంది కాబట్టి ఆ పులుసు తాగడం ఇంకా ప్రమాదం. వాసనలో, రుచిలో తేడా ఏమీ తెలియదు. హెచ్చరిక ఉన్న తీరంలో చిప్పలు ఏరడం ఆపేయాలి. నీళ్లు తేటపడ్డాక కూడా చిప్పల్లోని విషం పోవడానికి వారాలు పడుతుంది, కొన్ని జాతుల్లో నెలలు.

తిన్న అరగంట నుంచి రెండు గంటల్లోపు పెదవులు, నాలుక చిమచిమలాడతాయి. తర్వాత ముఖం, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. మాట తడబడుతుంది. ఊపిరి తీసే కండరాలు పడిపోతే ప్రాణం పోతుంది. దీనికి విరుగుడు మందు లేదు. కానీ కృత్రిమ శ్వాసతో ప్రాణం నిలబెడితే, ఈలోగా విషం మూత్రంలో బయటికి పోతుంది. మొదటి 24 గంటలు గట్టెక్కినవాళ్లు సాధారణంగా కోలుకుంటారు. కనుక పెదవులు చిమచిమలాడగానే వెంటిలేటరున్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఏం తిన్నారో, ఎన్ని గంటలకు తిన్నారో డాక్టరుకు చెప్పండి. మిగిలిన కూరను పారేయకుండా మంచులో పెట్టి పరీక్షకు ఇవ్వండి. అదే గిన్నెలోంచి ఇంకెవరు తిన్నారో వెంటనే కనుక్కోండి.