బడీచౌడి సాయంత్రం ఎందుకు పలచబడింది? – చర్చా కార్యక్రమం

వ్యాఖ్యాత: నమస్కారం. హైదరాబాద్‌లో కోఠి మహిళా కళాశాల దగ్గర బస్సు దిగి, సుల్తాన్ బజార్ మీదుగా బడీచౌడి దాకా నడిచిన వాళ్ళకు సాయంత్రం ఆరు దాటితే అక్కడ ఎలా ఉండేదో చెప్పక్కర్లేదు. చంటిపిల్లను చంకనెత్తుకోవాలి, పర్సును గుండెకు హత్తుకోవాలి, జనం ఎటు నెడితే అటు పోవాలి. మొన్న ఒక మంగళవారం అదే వేళకు చేతులు ఊపుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాను. ఎవరూ తగల్లేదు. మనసు కలుక్కుమంది. ఈ రోజు చర్చ అందుకే. బడీచౌడి ఫుట్‌పాత్ మీద ముప్పై ఒక్క ఏళ్ళుగా నైటీలు, చున్నీలు అమ్ముతున్న అక్క వచ్చారు. సుల్తాన్ బజార్‌లో మూడు తరాల బట్టల దుకాణం పెద్దాయన ఉన్నారు. నగర ప్రణాళిక బోధించే మేడమ్ ఉన్నారు. పేర్లు వద్దన్నారు కాబట్టి చెప్పడం లేదు. అక్కా, ముందు మీతోనే. మీకు వీలు కుదిరిన వేళేనా ఇది?

చిరు వ్యాపారి: పదేండ్ల కింద పిలిస్తే రాకపోదును మేడం. పొద్దుగూకినంక రెండున్నర గంటలే మాకు గిరాకి. ఆరింటి నుంచి ఎనిమిదిన్నర దాంక తల ఎత్తే తీరిక ఉండకపోతుండె. ఒక చేత్తో చున్నీ చూపిస్తుంటి, ఇంకో చేత్తో చిల్లర ఇస్తుంటి. ఇయ్యాల బిడ్డను కూసోబెట్టి వచ్చిన. ఒక్కతే సంభాళిస్తది, గంతే గిరాకి.

వ్యాఖ్యాత: ఎప్పటి నుంచి తగ్గింది?

చిరు వ్యాపారి: ఒక్కనాడు తగ్గిందంటే నేను నమ్మ. మెట్రో పిల్లర్ల పని అప్పుడు రోడ్డంత రేకులు కట్టిండ్రు. మాకు జాగ లేకపాయె, ఓ గల్లీల కొన్నొద్దులు, ఇంకో గల్లీల కొన్నొద్దులు కూసున్నం. పాత గిరాకి మమ్ముల వెతుక్కోలేదు. ఎందుకు వెతుకుతరు? నడుసుకుంట పోతుంటే కంట్ల పడితే కొంటరు గని, నైటీ కోసం మనిషిని పట్టుకొని తిరుగుతరా? మెట్రో నడుస్తదని ఆశ పడ్డం. నడిసింది. గంతల కరోనా వచ్చె.

ప్రణాళిక అధ్యాపకురాలు: అక్క చెప్పిన క్రమం అక్షరాలా నిజం. సికింద్రాబాద్‌లోని జేబీఎస్ బస్టాండు నుంచి ఇక్కడి ఎంజీబీఎస్ బస్టాండు దాకా పదకొండు కిలోమీటర్ల మెట్రో మార్గం, సుల్తాన్ బజార్ స్టేషన్ దాని మీదే ఉంది, 2020 ఫిబ్రవరి 7న మొదలైంది. మార్చి 22 నుంచి మెట్రో మొత్తం ఆగిపోయింది. ఆరు వారాలు. ఏళ్ళ తరబడి దుమ్ము తిని ఎదురుచూసిన బజారుకు దక్కింది ఆ ఆరు వారాలే. సెప్టెంబరులో రైళ్ళు మళ్ళీ కదిలేసరికి జనం సాయంత్రపు అలవాటే మారిపోయింది.

దుకాణదారు: ఒక మాట నేను ఒప్పుకోవాలి. ఈ మార్గం వద్దని పోరాడిన వ్యాపారుల్లో నేనూ ఉన్నాను. షట్టర్లు దించి రోడ్డు మీద కూర్చున్నాం. 2014లో మార్గం మారుస్తారన్న మాట గట్టిగానే వినిపించింది. చివరికి పాత మార్గమే ఖాయమైంది. అప్పుడు మా భయమంతా దుకాణాల గోడల గురించి. ఎన్ని అడుగులు పోతాయి, ఎంత పరిహారం ఇస్తారు, అంతే. ఫుట్‌పాత్ మీద కూర్చునే వాళ్ళ గురించి మేము మాట్లాడలేదు. నిజం చెప్పాలంటే, వాళ్ళు పోతే దుకాణం బాగా కనపడుతుందని అనుకున్న వాళ్ళం కూడా ఉన్నాం.

వ్యాఖ్యాత: మరి కనపడిందా?

దుకాణదారు: కనపడింది. లోపలికి వచ్చేవాళ్ళు లేరు. (కాసేపు ఆగి) ముప్పై ఏళ్ళు మెట్ల ముందు తట్ట పెట్టొద్దని ఈ అక్కలతో గొడవ పడ్డాను. రేకులు కట్టి వాళ్ళను లేపేసిన నెలలో గల్లా పెట్టె చూసుకుంటే తెలిసింది. చున్నీ కోసం అక్క దగ్గర ఆగిన ఆడమనిషే, దానికి మ్యాచింగ్ కోసం నా మెట్లెక్కేది. ఆవిడ అక్కడ ఆగకపోతే నా బోర్డు ఎంత పెద్దదైనా ఏం లాభం?

చిరు వ్యాపారి: మేమూ మీ నీడకే బతికినం సేటూ. బల్బు మీ షాపుల నుంచే గుంజుకుంటిమి. బల్బుకు రోజుకింత అని పైసలిస్తుంటిమి గని, వాన పడితే మా మాల్ మీ షాపు లోపల పెట్టుకోనిచ్చింది మీరే గదా.

వ్యాఖ్యాత: మేడమ్, చాలామంది ఒకటే మాట అంటారు. అందరూ ఫోన్‌లో కొంటున్నారు, కాలం మారింది, బజారు పోవడం సహజం అని.

ప్రణాళిక అధ్యాపకురాలు: ఆ 'సహజం' అన్న మాట దగ్గరే నాకు పేచీ. ఫోన్ దెబ్బ లేదనను. కానీ ఈ బజారు దేని మీద నిలబడిందో చూడండి. కోఠి అంటే బస్సు మారే చోటు. చుట్టూ బ్యాంకులు, ఉస్మానియా మెడికల్ కాలేజీ, ఈఎన్‌టీ ఆసుపత్రి, ప్రసూతి ఆసుపత్రి, ఆడపిల్లల కాలేజీ. ఒక బస్సు దిగి ఇంకో బస్సు ఎక్కేలోపు పావుగంట నడక. ఆ పావుగంటే ఈ బజారు. ఎవరూ బజారుకని బయల్దేరలేదు, దారిలో బజారు తగిలేది. ఇప్పుడు మనిషి మెట్రోలో పైనుంచి పోతాడు, లేదా ఇంటి దగ్గర బండి తీస్తే మళ్ళీ ఇంటి దగ్గరే ఆపుతాడు. కింద నడిచే మనిషి తగ్గిపోయాడు. మిగిలిన ఆ కొద్దిమందికి నడిచే దారి కూడా ఇవ్వలేదు మనం. ఫుట్‌పాత్ మీద బైకులు, పిల్లర్ల కింద ఆటోలు, వాటి మధ్య గుంతలు. దీన్ని సహజ మరణమని నేను అనలేను.

వ్యాఖ్యాత: ఒక ఫోన్ కాల్ ఉంది. అంబర్‌పేట నుంచి. చెప్పండమ్మా.

ఫోన్‌లో ప్రేక్షకురాలు: నమస్కారమండీ. నేను కోఠిలో ఒక ఆఫీసులో ఇరవై రెండేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. ఒకటో తారీఖున జీతం కవరు చేతికొచ్చేది. ఆ సాయంత్రం నలుగురం కలిసి బడీచౌడి పోయేవాళ్ళం. పిల్లల బట్టలు, అత్తగారికి జాకెట్టు ముక్క, చివర మిర్చి బజ్జీ. నా పెళ్ళైన కొత్తలో కట్టిన లంగాలన్నీ అక్కడివే. ఇప్పుడు పోవడం లేదు. మోకాళ్ళ నొప్పులు, కూర్చోవడానికి చోటుండదు, ఇంకొకటి... టీవీలో చెప్పొచ్చో లేదో గానీ, బాత్రూమ్ ఉండదమ్మా. రెండు గంటలు తిరగాలంటే భయం. మా అమ్మాయి కొండాపూర్‌లో ఉంటుంది, తను రానే రాదు. అందుకని ఫోన్‌లో తెప్పించుకుంటాను. సగం వెనక్కి పంపుతాను. బట్ట చేతితో పట్టుకుని చూస్తే తెలిసేది ఫోటోలో తెలియదు కదా.

చిరు వ్యాపారి: అమ్మా, మీరు రెండు గంటల మాట చెప్పిండ్రు. నేను పొద్దున పదకొండింటికి కూసుంటే రాత్రి పదింటికి లేస్త. నాలుగు కొట్టినంక నీళ్ళు తాగ. ముప్పై ఒక్క ఏండ్ల సంది తాగలే. కిడ్నీల రాయి వచ్చింది, డాక్టరు నీళ్ళు బాగ తాగుమన్నడు. యాడికి పోవాలె? గిరాకి పోయిందని పక్కకు పోతే తిరిగొచ్చేసరికి మాల్ ఉంటదన్న నమ్మకం లేదు.

వ్యాఖ్యాత: ఫోన్ చేసినందుకు కృతజ్ఞతలమ్మా. ఇది మామూలుగా ఏ చర్చలోనూ రాని విషయం. అక్కా, 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సు ఉచితమైంది. ఏమైనా తేడా కనపడిందా?

చిరు వ్యాపారి: కనపడ్డది, అబద్ధం చెప్ప. మధ్యాహ్నం పూట ఆడోళ్ళు వస్తున్నరు. ఊర్ల నుంచి కూడ ఎంజీబీఎస్‌ల దిగి నడుసుకుంట వస్తరు. పండుగలప్పుడు, బతుకమ్మకు, దసరాకు, ఇప్పటికీ మంది బాగనే ఉంటరు. గని మామూలు దినాలల్ల ఏడు కాకముందే పోతరు. ఆలస్యమైతే బస్సుల జాగ దొరకదని భయం. మా గిరాకే రాత్రి గిరాకి. ఆపీసు అయినంక మొగుడు పెండ్లాలు కలిసొచ్చి, బేరమాడి, నాలుగు తీసుకునేటోళ్ళు. గా గిరాకి రాలే.

దుకాణదారు: బండి మీద వచ్చేవాళ్ళకు పార్కింగ్ లేదు. పాతకాలం గిరాకీలే ఫోన్ చేసి, అన్నా బండి పెట్టడానికి చోటుందా అని అడుగుతారు. లేదంటే దిల్‌సుఖ్‌నగర్ పోతారు, కొత్తపేట పోతారు. మా తమ్ముడు 2016లోనే కూకట్‌పల్లిలో బ్రాంచి పెట్టుకున్నాడు. నేను పోలేదు. మా తాత ఈ బజారును చివరిదాకా రెసిడెన్సీ బజార్ అనే పిలిచేవాడు. బ్రిటిష్ రెసిడెంటు, అంటే నిజాం దగ్గర ఉండే బ్రిటిష్ వాళ్ళ ప్రతినిధి, ఆయన చేతుల్లో ఉన్న బజారది, నిజాం అధికారం ఇక్కడ నడిచేది కాదు. 1933లో నిజాంకు తిరిగి ఇచ్చాక సుల్తాన్ బజార్ అయింది. తెలుగువాళ్ళు చదువుకోవడానికి 1901లో పెట్టుకున్న గ్రంథాలయం, శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, ఇక్కడే ఉంది. సాయంత్రం పేపరు చదవడానికి వచ్చిన పంతుళ్ళు పోతూపోతూ పంచె కొనేవాళ్ళని మా నాన్న చెప్పేవాడు. ఇదంతా వదిలిపెట్టి నేను ఎక్కడికి పోను?

వ్యాఖ్యాత: పెట్టుబడి ఎలా అక్కా? గిరాకీ లేని రోజు?

చిరు వ్యాపారి: మాల్ మదీన కాడ హోల్‌సేల్‌ల తెస్త. పైసలు లేనప్పుడు గిరిగిరి అప్పు. పదివేలంటే చేతికి ఎనిమిదిన్నర వేలిస్తడు, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలె. వాన పడ్డా కట్టాలె, బంద్ అయినా కట్టాలె. కరోనా తర్వాత బ్యాంకు పదివేల లోన్ ఇచ్చింది. మంచిగనే ఉండె. కట్టేసిన, మళ్ళ ఇరవై వేలు ఇచ్చిండ్రు. గని మేడం, లోన్‌తోని మాల్ తెస్త, అమ్ముడుపోవాలె గదా. నిరుడు తెచ్చిన చున్నీలు ఇంక సంచులల్ల ఉన్నయి.

ప్రణాళిక అధ్యాపకురాలు: ఇక్కడే ఒకటి చెప్పాలి. అక్కకు లోన్ ఇచ్చిన కేంద్ర పథకం పీఎం స్వనిధి 2020 జూన్‌లో వచ్చింది, సమయానికి వచ్చింది. అది అప్పు. వీధి వ్యాపారులకు హక్కులిచ్చింది మాత్రం 2014 చట్టం. రెండూ ఒకటి కాదు. వీధిలో వ్యాపారం చేసుకోవడం సహేతుకమైన ఆంక్షలకు లోబడిన ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 1989లోనే, సోదన్ సింగ్ కేసులో చెప్పింది. దాన్ని చట్టంగా రాసుకోవడానికి ఇంకో పాతికేళ్ళు పట్టింది. ఆ చట్టం ప్రకారం ఐదేళ్ళకోసారి వీధి వ్యాపారుల సర్వే జరగాలి. పట్టణ విక్రయ కమిటీలో నలభై శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు. లేపాలంటే ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సామాను జప్తు చేస్తే, పాడైపోయే సరుకైతే అదే రోజు, కానిదైతే రెండు పని దినాల్లో తిరిగి ఇవ్వాలి.

చిరు వ్యాపారి: రెండు దినాలా? ఒకసారి లారీ వచ్చి నా సంచులు ఎత్తుకపోతే పన్నెండు దినాలు తిరిగిన. పైసలు కట్టి తెచ్చుకున్న. సగం నానిపోయి బూజు పట్టినయి. ఈ రెండు దినాల మాట నాకు అప్పుడెవ్వలూ చెప్పలే.

ప్రణాళిక అధ్యాపకురాలు: చెప్పాల్సింది మేమే అక్కా. తరగతి గదిలో చెబుతాం, మీ దగ్గరికి వచ్చి చెప్పం. ఆ తప్పు మాది. అదే చట్టంలో ఇంకో వాక్యం ఉంది, రెండో షెడ్యూలులో. సహజంగా ఏర్పడిన బజార్లలో వీధి వ్యాపారులు యాభై ఏళ్ళకు పైగా వ్యాపారం చేసి ఉంటే, దాన్ని వారసత్వ బజారుగా ప్రకటించాలి. అక్కడి నుంచి వాళ్ళను కదిలించకూడదు. బడీచౌడికి ఆ వాక్యం వర్తింపజేయమని అడగాలి. అడిగితే మొదట వచ్చే ప్రశ్న, యాభై ఏళ్ళనడానికి రుజువేంటని.

దుకాణదారు: నేను వచ్చి చెబుతాను. రాసి సంతకం పెడతాను. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మా మెట్ల ముందు తట్టలు ఉన్నాయి. మా నాన్న వాళ్ళతో పోట్లాడేవాడు, నేనూ పోట్లాడాను. అంతకంటే పెద్ద సాక్ష్యం ఏముంటుంది?

వ్యాఖ్యాత: మీరు ఆ మాట అనడం నాకు చాలా సంతోషంగా ఉంది సార్. అక్కా, మీ జాగలో మీకంటే ముందు ఎవరు కూర్చునేవాళ్ళు?

చిరు వ్యాపారి: మా అత్త. ఎమర్జెన్సీ కంటే ముందుగాల్నే కూసున్నది. అప్పుడు రిబ్బన్లు, పిన్నులు అమ్ముతుండె. జాగకని రోజూ పైసలు తీసుకొని తైబజారీ చీటీ ఇస్తుండిరి. ఆమె చదువుకోలే గని ఒక్క చీటీ పారెయ్యలే. రేకు డబ్బల పెట్టింది, చచ్చిపోయేముందు నా చేతిల పెట్టింది. ఎందుకు దాసిందో నాకు తెల్వకపోయేది.

వ్యాఖ్యాత: ఇప్పుడు మీ దగ్గర ఉన్నాయా?

చిరు వ్యాపారి: డబ్బ ఇంట్ల ఉన్నది. ఒకటి తెచ్చిన, సర్వే చేసినప్పుడు ఇచ్చిన కార్డు కూడ తెచ్చిన. చూడుండ్రి. కార్డు మీద నా ఫోటో ఉన్నది, నంబరు ఉన్నది. నేనేడ కూసుంటనో మాత్రం రాయలే. ఈ చీటీ జూడుండ్రి, సిరా మాసిపోయింది గని చదవొస్తది. బడీచౌడి అని రాసున్నది.