రాసుకుంటారు సరే, పాలు ఎవరు కాస్తారు?

[తెరపై: తెల్లవారుజామున వంటగది. స్టవ్ మీద పాలగిన్నె. గట్టు మీద నోట్‌బుక్.]

కథ రాయాలనుంది, టైమ్ దొరకట్లేదు అని ఎవరితోనైనా అని చూడండి. "పొద్దున్నే నాలుగింటికి లేవొచ్చుగా" అంటారు. సలహా మంచిదే. కాకపోతే ఆ చెప్పినవాళ్లనే ఒక మాట అడగాలి. మీరు లేచి రాసుకుంటుంటే మీ ఇంట్లో పాలు ఎవరు కాచారండీ?

[తెరపై: గడ్డంతో ఆంథొనీ ట్రోలోప్ పాత ఫొటో.]

ఇలాంటి సలహాలు ఇచ్చేవాళ్లు తరచూ ఆంథొనీ ట్రోలోప్ పేరు ఎత్తుతారు. 19వ శతాబ్దపు ఇంగ్లండ్ నవలాకారుడు. చాలా ఏళ్లు పోస్టల్ డిపార్ట్‌మెంట్‌లో ఉద్యోగం చేస్తూనే రాశాడు. పొద్దున 5:30కి బల్ల ముందుండేవాడు. మొదటి అరగంట అంతకుముందు రాసింది చదువుకునేవాడు. ఆ తర్వాత వాచీ ఎదురుగా పెట్టుకుని పావుగంటకి 250 మాటల లెక్కన రాసుకుంటూ పోయేవాడు. మొత్తం 47 నవలలు!

ఇక్కడిదాకా అందరూ చెబుతారు. 1883లో వచ్చిన ఆయన ఆత్మకథలో ఇంకో రెండు సంగతులు కూడా ఉన్నాయి. ఆయన్ని నిద్రలేపే బాధ్యత గుర్రాల్ని చూసుకునే ఒక ముసలి పనివాడిది. ఆ పనికి అతనికి ఏడాదికి 5 పౌన్లు అదనంగా ఇచ్చేవాడు. రైల్లో వెళ్తూ పెన్సిల్‌తో రాసిన కాగితాల్ని ఆయన భార్య కూర్చుని సాపు రాసిపెట్టేది. ఆయన క్రమశిక్షణకి దణ్ణం పెట్టాల్సిందే. కానీ ఆ రాత వెనక ఇంకో ఇద్దరి పని ఉంది.

[తెరపై: ఆలిస్ మన్రో ఫొటో. కింద "నోబెల్, 2013".]

పనివాళ్లు లేని ఇల్లు చూద్దాం. కెనడా రచయిత్రి ఆలిస్ మన్రో. ఆడపిల్లల తల్లి. పిల్లలు మధ్యాహ్నం నిద్రపోయినప్పుడు రాసుకునేది. మొదటి పుస్తకం 1968లో వచ్చేసరికి ఆమెకి 37 ఏళ్లు. నవలకి కావలసినంత టైమ్ కుదరక కథల వైపు వచ్చానని ఆవిడే చెప్పింది. ఉన్న టైమ్‌ని బట్టి కథ సైజు తేల్చుకుంది. నాకు ట్రోలోప్ కన్నా ఈవిడ దారే మన ఇళ్లకి దగ్గరగా అనిపిస్తుంది.

[తెరపై: పొద్దుటి హడావుడి. శబ్దాలు ఒకదాని మీద ఒకటి.]

ఎందుకంటే మన పొద్దుటిపూట ఇదీ. కుక్కర్ మూడో విజిల్. "అమ్మా, నా ఐడీ కార్డేదీ?" బయట చెత్త బండి పాట. లేచి కార్డు వెతికి ఇవ్వడానికి పట్టేది రెండు నిమిషాలే. కానీ కార్డు వెతుకుతున్నంతసేపూ మనసు మాత్రం సగంలో ఆపిన వాక్యం దగ్గరే తిరుగుతుంటుంది. సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో దీని గురించే రాసింది: సగంలో వదిలేసిన పని మన ధ్యాసలో కొంత భాగాన్ని తన దగ్గరే పట్టి ఉంచుతుందని. 2018లో మరో పరిశోధకురాలితో కలిసి ఉపాయమూ చెప్పింది. లేచే ముందు, ఎక్కడ ఆపాం, వచ్చాక ఏం చేయాలి, ఈ రెండూ గబగబా రాసిపెట్టుకుంటే ఆ లాగుడు తగ్గుతుందట.

[తెరపై: నోట్‌బుక్ క్లోజప్. వంకరటింకర పెన్సిల్ రాత.]

కథకి అది ఇలా ఉంటుంది: "సుబ్బులు తాళం తీసింది. లోపల మామగారు ఉన్నారు. ఆమెకి తెలీదు. తర్వాత: దగ్గు వినపడాలి." అంతే. కుక్కర్ దింపుతూ కూడా ఇంత రాయొచ్చు. మధ్యాహ్నమో రాత్రో కూర్చున్నప్పుడు "ఎక్కడున్నాను?" అనే టెన్షన్ ఉండదు, దగ్గుతో మొదలుపెట్టేస్తారు.

బట్టలు ఆరేసేటప్పుడు ఫోన్‌లో తెలుగు వాయిస్ టైపింగ్ కూడా పనికొస్తుంది. పేర్లని ఖూనీ చేస్తుంది, ఫుల్‌స్టాప్‌లు పెట్టదు. పర్లేదు, డైలాగులు బాగా వస్తాయి, ఎందుకంటే మనం నిజంగా మాట్లాడుతున్నాం కదా.

ఇక అసలు కష్టం ఇంట్లోవాళ్లతో. "నేను రాసుకోవాలి, కదిలించకండి" అంటే ఎవరికీ ఎక్కదు. రాసుకోవడం వాళ్ల కంటికి ఖాళీగా కూర్చున్నట్టే ఉంటుంది. కాబట్టి టైమ్ అడగొద్దు, పని అప్పజెప్పండి. "ఏవండీ, ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది దాకా బాబు హోంవర్క్ మీది. అత్తయ్యగారి బీపీ మాత్ర కూడా మీరే ఇవ్వండి." అలా అప్పజెప్పాక బాబు ఎక్కాలు తప్పుగా చెబుతున్నా లోపలి నుంచి సరిదిద్దకూడదు. ఇది చాలా కష్టం, నాకు తెలుసు.

రాసేది భర్త అయితే ప్రశ్న ఇటు తిప్పుకోవాలి. మీరు గది తలుపు వేసుకున్న ఆ అరగంట ఆవిడ ఏం చేస్తోంది? ఆవిడకీ ఒక అరగంట ఎక్కడైనా ఉందా?

[తెరపై: కిచకిచమంటున్న ఫోన్. ఫ్యామిలీ గ్రూపులో పూల బొమ్మల గుడ్ మార్నింగ్‌లు.]

ఫోన్ గురించి రెండే ముక్కలు. గ్రూపులన్నీ మ్యూట్ చేసి పక్క గదిలో పెట్టండి. స్కూలు నుంచి కాల్ వస్తే వినపడేలా రింగ్ మాత్రం ఉంచండి.

చివరగా, ఆదివారం తీరిగ్గా రాసుకుందాం అని మాత్రం అనుకోకండి. ఆదివారమంటే తలస్నానాలు, చికెన్, చెప్పకుండా వచ్చే చుట్టాలు. ఆ రోజు కొత్తది రాయబోతే మిగిలేది చిరాకే. వారమంతా గీకిన కాగితాల్ని ఫోన్‌లోకి ఎక్కించే పని పెట్టుకోండి. అదైతే ఎన్నిసార్లు లేచినా నష్టం లేదు, ఎనిమిదో క్లాసు చదివే అమ్మాయి ఉంటే తనతో కూడా చేయించొచ్చు.