బావా బామ్మర్ది పాడ్‌కాస్ట్: కార్డు ఎక్కించాక డిస్‌ప్లే పోతే

బావ: ...రెండు ప్లేట్లు నువ్వు తిని బిల్లు నా చేతిలో పెడితే దాన్ని పార్టీ అనరు. సరే, నమస్కారమండీ అందరికీ.

బామ్మర్ది: నమస్తే అందరికి. బావ ఇయ్యాల జర గరంగున్నడు. బిల్లు ఊసు ఎవ్వరు ఎత్తకుండ్రి.

బావ: ఎత్తింది నువ్వే కదరా ఇప్పుడు! సర్లే, చదువు ఆ మెసేజు.

బామ్మర్ది: బోడుప్పల్ నుంచి ఒక అన్న పంపిండు. నాలుగో జనరేషన్ ఐ5 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు. సెకండ్ హ్యాండ్‌ల ఆర్‌ఎక్స్ 580 గ్రాఫిక్స్ కార్డు కొన్నడు. కార్డు పెట్టంగనే డిస్‌ప్లే మంచిగనే వచ్చింది. డ్రైవర్ ఎక్కించంగనే తెర నల్లగైంది. మళ్ల ఆన్ చేస్తే వచ్చింది గాని, డివైస్ మేనేజర్‌ల కార్డు మీద పసుపు గుర్తు, కోడ్ 43, అంటే కార్డుల ఏదో తేడా ఉన్నదని విండోస్ దాన్ని ఆపేసింది. అమ్మినాయనకు ఫోన్ చేస్తే “ఫార్మాట్ కొట్టి విండోస్ 11 ఎక్కించు, సెట్ అయితది” అన్నడట. ఎక్కించబోతే ఇంకో లొల్లి. డిస్కు జీపీటీ అనే పద్ధతిల ఉన్నది, దీంట్ల విండోస్ ఎక్కదు అంటున్నదట.

బావ: ఒక్కటి అడుగుతా. వాళ్ళింట్లో ఎర్తింగ్ ఉందా?

బామ్మర్ది: (నవ్వు) వచ్చింది! ఎన్నో నిమిషంల వస్తదా అని చూస్తున్న. మొదటి నిమిషంలనే వచ్చేసింది.

బావ: నవ్వుకో. సగం ఇళ్ళల్లో మూడో పిన్ను బోర్డులో ఉంటుంది, వెనకాల వైరుండదు. సరే, పక్కన పెట్టు. నన్నడిగితే అమ్మినాయన చెప్పిందాంట్లో సగం కరెక్టే. కొట్టెయ్యడమే ఫార్మాటు.

బామ్మర్ది: ఎందుకు?

బావ: ఎందుకేంట్రా? హైటెక్ సిటీ నుంచి ట్రాఫిక్‌లో పడి ఎనిమిదింటికి ఇల్లు చేరినోడు విండోస్ తప్పుల చిట్టా ఉండే ఈవెంట్ వ్యూయర్ తెరుచుకుని కూర్చుంటాడా? పెన్‌డ్రైవ్ పెట్టామా, గంటలో కొత్త విండోస్ వచ్చిందా, పడుకున్నామా. పాత డ్రైవర్ల చెత్తంతా పోతుంది. ఏది పాడైందో వెతకడానికి మూడు సాయంత్రాలు తగలేసే బదులు గంటలో తేలిపోతుంది.

బామ్మర్ది: విండోస్ గంటల ఎక్కుతది బావా, నేను కాదన్ననా? మరి ప్రింటర్? ట్యాలీ? తెలుగు టైపింగ్‌కు పెట్టుకున్న అను ఫాంట్లు? అక్క స్కూలు క్వశ్చన్ పేపర్లన్ని అను ఫాంట్లలనే ఉన్నయి. మొన్న నువ్వు ఫార్మాట్ కొట్టినంక ఆ ఫైల్లు తెరిస్తే అన్ని పిచ్చి గీతలే. ఎవరు సెట్ చేసిండ్రు మళ్ల?

బావ: మీ అక్కని ఎందుకు లాగుతావ్ ఇందులోకి?

బామ్మర్ది: ఆమె వింటది కాబట్టి. (నవ్వు) మన పాడ్‌కాస్ట్ వినేటోళ్లల్ల పైసలియ్యకున్నా వినేది ఆమె ఒక్కతే.

బావ: ఎవరూ ఇవ్వట్లేదు కదరా పైసలు.

బామ్మర్ది: అదే అంటున్న. సరే, ఇను. ఈ అన్నది ఆర్‌ఎక్స్ 580. 2017ల వచ్చిన కార్డు. మన దగ్గర సెకండ్ హ్యాండ్‌ల తిరిగే 580లల్ల మస్తుగ మైనింగ్‌ల, అంటే క్రిప్టో పైసల కోసం రాత్రింబగళ్లు లెక్కలు చేసుట్ల, నలిగి వచ్చినయే. 2022 సెప్టెంబర్ 15న ఎథీరియం మైనింగ్ బంద్ అయింది, ఆ కార్డులన్ని బజార్ల పడ్డయి. మైనింగ్ చేసెటోళ్లు మెమరీ స్పీడ్ పెంచుదామని కార్డుల బయాస్‌నే, అంటే కార్డును నడిపే లోపలి ప్రోగ్రాంనే, మారుస్తరు. విండోస్ సొంత డ్రైవర్ ఉన్నంత సేపు బొమ్మ మంచిగనే వస్తది, ఎందుకంటే అది కార్డుతోని పెద్దగ పనే చేయించదు. కార్డు చిప్పు చేసిన ఏఎండీ కంపెనీ డ్రైవర్ ఎక్కంగనే అది బయాస్ మీది డిజిటల్ సంతకం చూస్తది, సరిపోలకపోతే కార్డును నిలబెట్టేస్తది. కోడ్ 43 అక్కడికెంచి కూడ రావొచ్చు. ఆ బయాస్ ఉన్నది కార్డు మీది చిప్పుల బావా, సీ డ్రైవుల కాదు. నువ్వు వంద సార్లు ఫార్మాట్ కొట్టు, దానికి తెల్వను కూడ తెల్వదు.

బావ: అది మైనింగ్ కార్డు అయితే కదా!

బామ్మర్ది: అయిందో కాదో చూడనిదే ఎట్ల తెలుస్తది? అదే కదా నా లొల్లి. ఎలుకల మీద కోపానికి ఇల్లు కాలవెట్టుకున్నట్టుంది నీ ఫార్మాట్.

బావ: నువ్వు ఒక కేసు పట్టుకుని మాట్లాడతావ్. నేను వంద కేసులు చూసి చెప్తున్నా. డ్రైవర్ మీద డ్రైవర్ ఎక్కించి, దాని మీద ఏదో “బూస్టర్” దించి, మూడు యాంటీవైరస్‌లు పెట్టుకున్న మిషన్‌కి నువ్వు రోగం కనుక్కుంటా కూర్చుంటావా?

బామ్మర్ది: డీడీయూ ఉన్నది కద. సేఫ్ మోడ్‌ల పోవాలె, డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ నడపాలె, పాత డ్రైవర్ వేర్లతోని సహా పోతది. ముందే లాన్ కేబుల్ పీకెయ్యాలె, లేకపోతే మనం ఒక డ్రైవర్ తీసేలోపల విండోస్ అప్‌డేట్ ఇంకోటి తెచ్చి పెడ్తది. ఐదు పది నిమిషాల పని.

బావ: సేఫ్ మోడ్ ఎక్కడుందో జనానికి తెలుసా?

బామ్మర్ది: షిఫ్ట్ పట్టుకొని రీస్టార్ట్ నొక్కితే ఒక మెనూ వస్తది, అండ్ల స్టార్టప్ సెట్టింగ్స్‌ల ఉంటది. ఇప్పుడు తెలిసింది కద.

బావ: నువ్వు అన్నీ తెలిసినోడిలా మాట్లాడతావ్.

బామ్మర్ది: వనస్థలిపురం బాబాయ్ మిషన్ గుర్తుందా?

బావ: ...

బామ్మర్ది: ఉన్నదా లేదా?

బావ: అది వద్దు.

బామ్మర్ది: వద్దంటే ఎట్ల? చెప్పాలె కద. స్లో అయిందని కాలనీల ఉన్న షాపుల ఇచ్చిండు.

బావ: ఇచ్చాడు. ఆ కుర్రాడు మంచోడే, అడిగాడు కూడా. “అంకుల్, డీ డ్రైవులో ఏమన్నా ఉందా?” అని. బాబాయ్ ఏమీ లేదన్నాడు. నిజంగానే డీ డ్రైవులో ఏమీ లేదు. అన్నీ డెస్క్‌టాప్ మీదే పెట్టుకుంటాడాయన, తెర మీద కనపడుతుంటేనే ఉన్నట్టు ఆయనకి. డెస్క్‌టాప్ అంటే సీ డ్రైవే కదా. పోయినయ్. పిన్ని ఉన్నప్పటి ఫోటోలు, షష్టిపూర్తివి, అన్నీ.

బామ్మర్ది: రికవరీకి కూడ తిరిగిండ్రు గద మీరు.

బావ: తిరిగాం. పాత హార్డ్ డిస్క్ అయితే వచ్చుండేవంట. క్విక్ ఫార్మాట్ కొడితే ఫైళ్ళు పోవు, వాటి చిట్టా పోతుంది, అంతే. పైన కొత్తది రాసేదాకా లోపలే ఉంటాయి. ఇది ఎస్‌ఎస్‌డీ. ఫార్మాట్ కొట్టగానే విండోస్ దానికి ట్రిమ్ అని పంపిస్తుంది, ఈ జాగా అంతా ఇక అక్కర్లేదు అని. డ్రైవే లోపల తుడిచేసుకుంటుంది. ఆ రికవరీ వాళ్ళు డబ్బులు కూడా తీసుకోలా.

బామ్మర్ది: ...

బావ: బాబాయ్ ఇప్పటికీ ఆ షాపు ముందునుంచి పోడు. సందు చుట్టూ తిరిగి పోతాడు.

బామ్మర్ది: నేను నిన్ను అనలే బావా.

బావ: తెలుసు లేరా. కానీ అది ఫార్మాట్ తప్పు కాదంటాను నేను. ఆ ప్రశ్న తప్పు. “డెస్క్‌టాప్ మీద ఏముంది, డౌన్‌లోడ్స్‌లో ఏముంది” అని అడగాలి. సిటీ మొత్తం ఇప్పటికీ డీ డ్రైవే అడుగుతుంది.

బామ్మర్ది: నేనైతే ఏం చేస్త అంటే, ముందుగాల లినక్స్ మింట్, అదే విండోస్ కాకుండ ఇంకో సిస్టం, దాని పెన్‌డ్రైవ్‌తోని బూట్ చేస్త...

బావ: అదిగో, మింట్!

బామ్మర్ది: ఎక్కించమంటలేను! లైవ్‌ల, పెన్‌డ్రైవ్ నుంచే, నడపమంటున్న. రెండు పనులైతయి. డిస్కుల ఉన్న ఫైళ్లు బయటి డ్రైవుకు కాపీ కొట్టుకోవచ్చు. రెండోది, ఏఎండీ డ్రైవర్ లినక్స్ కెర్నల్‌లనే ఉంటది. అక్కడ డిస్‌ప్లే మంచిగ నడిస్తే కార్డు బతికున్నట్టే, లొల్లి విండోస్ దిక్కుదో, బయాస్ సంతకానిదో అని. అక్కడ కూడ తెర పోతే కార్డో, కరెంటో.

బావ: కొత్త ల్యాప్‌టాప్ అయితే? విండోస్ 11 24హెచ్2 నుంచి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలు, డిస్కుని దానంతట అదే ఎన్‌క్రిప్ట్ చేసేస్తోంది. నీ మింట్ తలుపు దగ్గరే ఆగిపోతుంది. 48 అంకెల రికవరీ కీ కావాలి. ఎవడి దగ్గరుంది?

బామ్మర్ది: మైక్రోసాఫ్ట్ అకౌంట్‌ల ఉంటది, ఇంకో ఫోన్‌ల లాగిన్ అయి చూసుకోవచ్చు. కాని... ఇది మాత్రం కరెక్టే.

బావ: ఏమన్నావ్? మళ్ళీ అను.

బామ్మర్ది: ఎడిటింగ్‌ల తీసేస్త ఇది.

బావ: తియ్యవు, నువ్వు ఎడిటింగే చెయ్యవు. ఇప్పుడు ఇందాకటి నుంచి ఆపుకుంటున్నా, చెప్పనివ్వు. కరెంటు అన్నావ్ కదా.

బామ్మర్ది: ఎర్తింగ్.

బావ: ముందు ఎస్‌ఎంపీఎస్, అంటే క్యాబినెట్లో కరెంటు సప్లై డబ్బా. ఆ 580 గట్టిగా పనిచేస్తే 185 వాట్లు లాగుతుంది. బోర్డు మీద కార్డు పెట్టే స్లాట్ ఇచ్చేది 75, ఎనిమిది పిన్నుల కేబుల్ 150. నాలుగో జనరేషన్ మిషన్ అంటే క్యాబినెట్‌తో పాటు ఊరికే వచ్చిన ఎస్‌ఎంపీఎస్ అయ్యుంటుంది. స్టిక్కర్ మీద 450 అని పెద్దక్షరాలు ఉంటాయి, అది చదవొద్దు. కింద గడుల్లో 12 వోల్టుల కింద ఎన్ని యాంపులు రాశాడో చూడాలి. 18 ఉందనుకో, పన్నెండు పద్దెనిమిదులు 216 వాట్లు. కార్డుకే 185 పోతే ప్రాసెసర్ ఏం తినాలి? పైగా ఎనిమిది పిన్నుల కేబుల్ లేదని మోలెక్స్ అనే పాత రకం కనెక్టర్ నుంచి కన్వర్టర్ పెడతారు. ఆ సన్న వైరు పట్టుకుంటే వేడిగా ఉంటుంది. డ్రైవర్ లోడ్ అయ్యేదాకా కార్డు నెమ్మదిగా ఉంటుంది, అవగానే లేస్తుంది, లేవగానే వోల్టేజి పడిపోతుంది, తెర నలుపు. నీ మైనింగ్ బయాస్ ఒక్కటే కాదు.

బామ్మర్ది: అవ్, అది కూడ అయితది. అందుకే ఫార్మాట్ వద్దన్నది.

బావ: మళ్ళీ అక్కడికే వచ్చావ్. ఇంక ఎర్తింగ్...

బామ్మర్ది: కానియ్.

బావ: క్యాబినెట్ స్క్రూ మీద చెయ్యి పెడితే జివ్వుమంటుందా లేదా? ఎర్త్ లేకపోతే ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల క్యాబినెట్ మీద సగం మెయిన్స్ తేలుతుంటుంది. మల్టీమీటర్ పెడితే 110, 115 చూపిస్తుంది. ఆ స్థితిలో హెచ్‌డీఎంఐ కేబుల్ పీకి పెడతా ఉంటే పోర్టులు పోతాయి. ఫేజుకీ ఎర్తుకీ మధ్య 230 రావాలి, న్యూట్రలుకీ ఎర్తుకీ మధ్య ఒకటో రెండో వోల్టులు. అంతే పరీక్ష. మీటర్ వాడటం రాకపోతే ఎలక్ట్రీషియన్ని పిలవండి, మీరు సాకెట్లో వేళ్ళు పెట్టొద్దు.

బామ్మర్ది: సైనిక్‌పురి ముచ్చట చెప్పకు.

బావ: చెప్పను. సైనిక్‌పురి వాళ్ళు ఇంకా మాట్లాడట్లేదు నాతో.

బామ్మర్ది: (నవ్వు) ఇగ ఆ అన్నకు జవాబియ్యాలె, అరగంటైంది. అన్నా, జీపీటీ లొల్లి అల్కటిది. బూట్ మెనూల నీ పెన్‌డ్రైవ్ రెండు సార్లు కనవడ్తది, ఒకదాని ముంగట యూఈఎఫ్ఐ అని ఉంటది. అది తీసుకో. రెండోది తీసుకుంటె సెటప్ పాత పద్ధతిల నడుస్తది, గందుకే జీపీటీ డిస్కు వద్దంటది. ఎవరన్న “షిఫ్ట్ ఎఫ్10 కొట్టి డిస్క్‌పార్ట్‌ల క్లీన్ అను” అంటే అనకు, మొత్తం డిస్కు పోతది, ఒక్క సీ డ్రైవే కాదు.

బావ: విండోస్ 11 సంగతి?

బామ్మర్ది: ఇంటెల్‌ల ఎనిమిదో జనరేషన్ నుంచే లెక్క. నాలుగోది లిస్టుల లేదు. పెన్‌డ్రైవ్ తయారు చేసే రూఫస్ టూల్‌తోని టీపీఎం అనే సెక్యూరిటీ చిప్పు చెక్ తీసేసి ఎక్కియ్యొచ్చు గాని, అప్‌డేట్లు వస్తయని మైక్రోసాఫ్ట్ హామీ ఇయ్యదు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తోని బంద్ అయింది. అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లకు పేరు రాయించుకుంటే 2026 అక్టోబర్ 13 దాక.

బావ: సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ఉన్న కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో ఎనిమిదో జనరేషన్ బోర్డు సెకండ్స్‌లో చూసుకోమను.

బామ్మర్ది: పార్క్‌లేన్ పోయినోడు ఒక్క బోర్డుతోని వాపస్ వస్తడా? ర్యాం, కూలర్, మళ్ల కొత్త ఎస్‌ఎంపీఎస్...

బావ: ఎస్‌ఎంపీఎస్ తెచ్చుకోవాల్సిందే.

బామ్మర్ది: సరే సరే. అన్నా, కార్డు అంచుకు చిన్న స్విచ్ ఉన్నదేమో చూడు, గోరుతోని జరిపేటంత ఉంటది. కొన్ని 580లకు రెండు బయాస్‌లుంటయి. ఒకటి మార్చినా రెండోది కంపెనీది అట్లనే ఉండొచ్చు. ముందు డీడీయూతోని డ్రైవర్ తీసి, కరెంట్ మొత్తం బంద్ చేసి స్విచ్ జరిపి, మళ్ల డ్రైవర్ ఎక్కియ్. కోడ్ 43 పోతే... ఆఁ? ఏందమ్మా? బావా, నల్లా వచ్చిందట. మోటర్ వెయ్యాలె, లేకుంటె మళ్ల ఎల్లుండి దాక లేదు.

బావ: స్విచ్ లేకపోతే ఏం చెయ్యాలో చెప్పి పోరా!

బామ్మర్ది: వచ్చినంక చెప్త!

బావ: పోయాడు. స్విచ్ లేకపోతే అమ్మినాయన దగ్గరికి తీసుకెళ్ళి, ఆయన మిషన్‌లోనే పెట్టించి, డ్రైవర్ కూడా ఆయన చేతే ఎక్కించమనండి. బొమ్మ వచ్చిందని ఊరుకోవద్దు, డ్రైవర్ ఎక్కాక చూడాలి. లాన్ కేబుల్ పీకి ఉంటుంది, మళ్ళీ పెట్టుకోండి. ఇంకా... వీడు ఇప్పట్లో రాడు. ఆపేస్తున్నా.