ఆమ్వే ఇండియా ఆదాయాన్ని చదవడం ఎలా?

సభాధ్యక్షులకు, వాణిజ్యశాస్త్ర అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం.

సభ్యులే సరుకు కొని అమ్ముతూ, కొత్తవారిని చేర్చుకుంటూ సాగే ఒక విదేశీ గొలుసుకట్టు వ్యాపార సంస్థ మన దేశంలో ఎంత బాగా నడిచిందని అడిగితే సాధారణంగా ఏడాది అమ్మకాల అంకెనే చూపుతారు. ఆ ఒక్క అంకె చాలదని ఆమ్వే ఇండియా లెక్కలతో వివరించడానికి వచ్చాను.

1959లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో పుట్టిన ఆమ్వేకు ఆమ్వే ఇండియా వాడుకలో శాఖే అయినా, చట్టం దృష్టిలో ఇక్కడ నమోదైన అనుబంధ కంపెనీ. మాతృసంస్థ షేర్లు స్టాక్ మార్కెట్లో లేవు కనుక దాని లెక్కలు బయటివారికి వివరంగా అందవు. భారతీయ కంపెనీ మాత్రం ఏటా కంపెనీల రిజిస్ట్రార్‌కు తన లెక్కలు సమర్పించి తీరాలి.

1998లో అమ్మకాలు మొదలుపెట్టిన ఈ కంపెనీ 2012 నాటికి ఏడాదికి 2,000 కోట్ల రూపాయలు దాటింది. అయితే మరింత విలువైన అంకెలు 2022 ఏప్రిల్‌లో బయటికి వచ్చాయి. ఆ నెలలో అక్రమ నగదు చలామణి కేసులు దర్యాప్తు చేసే కేంద్ర సంస్థ ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ (ఈడీ) ఆమ్వే ఇండియాకు చెందిన 757.77 కోట్ల ఆస్తులను తాత్కాలికంగా జప్తు చేసింది. 2002-03 నుంచి 2021-22 వరకు వ్యాపారం ద్వారా సంస్థ 27,562 కోట్లు వసూలు చేసిందని, 2020-21 వరకు భారత్, అమెరికాల్లోని డిస్ట్రిబ్యూటర్లకు, సభ్యులకు 7,588 కోట్లు కమీషన్‌గా చెల్లించిందని ఈడీ తెలిపింది. అంటే వసూలైన ప్రతి నాలుగు రూపాయల్లో ఒక రూపాయికి పైగా కమీషన్‌కే పోయింది. ఆ భారం చివరికి సరుకు ధరలోనే కలిసి ఉంటుంది.

ఇక మాతృసంస్థ సంగతి. 1996-97లో వాటా మూలధనంగా ఇక్కడికి తెచ్చింది 21.39 కోట్లు, 2020-21 వరకు డివిడెండ్ (వాటాదారులకు పంచే లాభం), రాయల్టీ (పేరు, పరిజ్ఞానం వాడుకున్నందుకు చెల్లించే రుసుము) తదితర రూపాల్లో వెలుపలికి వెళ్లింది 2,859.10 కోట్లు. ఇది పెట్టుబడికి దాదాపు 133 రెట్లు. ఇక్కడ విద్యార్థులు ఒక విషయం జాగ్రత్తగా గమనించాలి. డివిడెండ్ లాభం తేలాక ఇచ్చేది, రాయల్టీ లాభం తేలకముందే ఖర్చుగా తీసివేసేది. కాబట్టి లాభాల పద్దు ఒక్కటే చూస్తే మాతృసంస్థకు అందినది పూర్తిగా కనబడదు. ఈడీ ప్రకటన ఈ రెండింటినీ విడదీయకుండా కలిపి చెప్పడం నా దృష్టిలో లోపమే.

నన్ను ఎక్కువగా కలవరపెట్టే ప్రశ్న అమ్మకం గురించినది. డిస్ట్రిబ్యూటర్ సరుకు కొనగానే కంపెనీ పుస్తకంలో అమ్మకం పూర్తవుతుంది. అలా కొన్న ప్రొటీన్ పొడి డబ్బా పక్కింటికి చేరిందా, కమీషన్ అర్హత నిలుపుకోవడానికి కొన్నవారి ఇంట్లోనే అలమరలో ఉండిపోయిందా అన్నది ఆ పద్దు చెప్పదు. డౌన్‌లైన్‌లో, అంటే ఒకరి కింద ఒకరుగా చేరిన సభ్యుల వరుసలో, చివరన ఉన్న గృహిణి పెట్టిన ఖర్చు, బస్సు ఛార్జీలు, అమ్ముడుపోని సరుకు ఏ బ్యాలెన్స్ షీట్‌లోనూ చేరవు. ఈ వ్యాపారంలో విక్రేతే కొనుగోలుదారు కూడా కనుక, బయటి వినియోగదారులకు ఎంత అమ్మారో విడిగా తేలనిదే అమ్మకాల పెరుగుదలను గిరాకీగా లెక్కించకూడదని నా స్థిరాభిప్రాయం.

మన న్యాయస్థానానికీ ఇది కొత్త ప్రశ్న కాదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు సంస్థ పిటిషన్‌ను కొట్టివేస్తూ, ఈ పథకం ప్రాథమికంగా 1978 నాటి ద్రవ్య చలామణి పథకాల (సభ్యులను చేర్చడం ద్వారా సులువుగా డబ్బు వస్తుందని ఆశ చూపే పథకాల) నిషేధ చట్టం పరిధిలోకి వస్తుందని పేర్కొంది. ఈడీ దర్యాప్తుకు ఆధారం కూడా తెలంగాణ పోలీసులు నమోదు చేసిన కేసులే. 2023 నవంబరులో హైదరాబాద్‌లోని ప్రత్యేక కోర్టులో దాఖలైన ఫిర్యాదులో 4,050.21 కోట్లు నేరార్జితమని (నేరం ద్వారా వచ్చిన సొమ్మని) ఈడీ ఆరోపించింది. ఇది ఆరోపణే తప్ప తీర్పు కాదు. దర్యాప్తు 2011 నాటిదనీ, తాము సహకరిస్తూనే ఉన్నామనీ సంస్థ అంటోంది. మీరు ఈ కంపెనీ వార్షిక నివేదిక తెరిచినప్పుడు లాభం కంటే ముందు కమీషన్, రాయల్టీ పద్దులు చదవండి.