బాల్కన్ పాట, పాత సింథసైజర్: ఒక్క గొంతు చాలు

అందరికీ నమస్కారం. వచ్చినవాళ్లలో కీబోర్డు వాయించేవాళ్లే ఎక్కువని చెప్పారు. అందుకే చరిత్ర కాస్త తగ్గించి తొందరగా మీటల దగ్గరికి వెళ్తాను.

ఆగ్నేయ ఐరోపాలోని బాల్కన్ దేశాల పెళ్లి బ్యాండ్లలో పాటను నడిపించేది క్లారినెట్, సాక్సోఫోన్, అకార్డియన్. కొన్ని ఊళ్లలో జుర్నా, మన సన్నాయి జాతిదే. బల్గేరియాలో ఇవో పపజోవ్ 1974లో పెట్టిన ట్రాకియా బ్యాండ్ వినండి. ఆ క్లారినెట్ వేగానికి దిమ్మ తిరుగుతుంది. అందులోని టర్కిష్, రోమా (జిప్సీల) వాసన అప్పటి ప్రభుత్వానికి గిట్టలేదు. 1980లలో పపజోవ్ జైలుకు కూడా వెళ్లొచ్చాడు. అయినా పెళ్లిళ్లు ఆగవు కదా! ఆ పందిళ్లలోకి ఎలక్ట్రిక్ గిటార్ వచ్చింది, డ్రమ్స్ వచ్చాయి, సింథసైజర్ కూడా వచ్చింది. కొసావో, అల్బేనియా వైపు తల్లవా అనే సంగీతంలోనైతే గాయకుడి పక్కన కీబోర్డుదే రాజ్యం.

ఇప్పుడు అసలు సంగతి. మనం కీబోర్డు ముందు కూర్చోగానే ఎడమ చెయ్యి కార్డ్, అంటే ఒకేసారి మూడు నాలుగు స్వరాలు, పట్టుకుంటుంది. ఈ సంగీతానికి ఆ అలవాటు పనికిరాదు. 1970లో వచ్చిన మినీమూగ్ అనే సింథసైజర్‌లో ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. క్లారినెట్టూ అంతే. లోపమనుకునే ఆ గుణం వల్లే అది ఇక్కడ ఇంత బాగా అతుకుతుంది.

రెండు మీటలు కలిపి నొక్కితే మినీమూగ్ కింది స్వరానికే విలువిస్తుంది. అంటే షడ్జం నొక్కి ఉంచి పై రిషభాన్ని ఎంత తట్టినా వినబడదు. బాల్కన్ పాటలో ప్రతి రెండో స్వరం మీదా పై స్వరాన్ని చటుక్కున తాకి వచ్చే విరుపు ఉంటుంది. దాన్ని ఎలా తేవాలి? వేళ్ల పని తిరగెయ్యాలి. రెండూ నొక్కి ఉంచండి, షడ్జం పలుకుతూ ఉంటుంది. ఆ వేలిని రెప్పపాటు ఎత్తి మళ్లీ దించండి. మధ్యలో రిషభం మెరిసి మాయమవుతుంది. పైగా మీటలన్నీ వదిలితే తప్ప ఆ యంత్రం కొత్త స్వరాన్ని మొదటినుంచి ఎత్తుకోదు. కాబట్టి విరుపంతా ఒకే ఊపిరిలో ఊదినట్టు వస్తుంది. వారం రోజులు చేతికి చిరాగ్గానే ఉంటుంది, పట్టుబడ్డాక వదలబుద్ధి కాదు.

టోన్ గురించి ఎక్కువ చెప్పను, అందరూ అక్కడే కాలం తగలేస్తారు. క్లారినెట్ కింది స్వరాల్లో బేసి హార్మోనిక్స్ (మూల స్వరానికి మూడు, అయిదు రెట్లలో పలికే ఉపస్వరాలు) బలంగా ఉంటాయి, సింథసైజర్ ఇచ్చే స్క్వేర్ వేవ్ అనే తరంగంలో ఉండేవీ అవే. పదును తగ్గించే ఫిల్టర్ కొంచెం మూస్తే సగం పని అయినట్టే. 1983 నాటి యమహా డీఎక్స్7 సింథసైజర్ అయితే క్యారియర్ (వినబడే తరంగం), మాడ్యులేటర్ (దాన్ని మలిచే తరంగం) ఫ్రీక్వెన్సీల నిష్పత్తి 1:2 పెట్టండి, అదే రకం ధ్వని వస్తుంది. దానికి ఊపిరితో నడిపే బ్రెత్ కంట్రోలర్ తగిలించే వీలు కూడా ఉంది. దొరికితే వదలకండి.

ఎడమ చెయ్యి ఖాళీగా ఏం లేదు, స్వరాన్ని పైకీ కిందికీ జరిపే పిచ్ వీల్ దానిదే. మినీమూగ్ వీల్‌కి స్ప్రింగు ఉండదు. వదిలితే దానంతటది మధ్యకు రాదు, మీరే తీసుకురావాలి. మొదట్లో శ్రుతి చెడుతుంది, టెన్షన్ పడకండి. స్ప్రింగు లాగే వీల్ కంటే నిదానంగా స్వరంలోకి జారడానికి నాకు ఇదే నచ్చుతుంది.

ఏ స్వరాలు వాయించాలి? వాళ్లు హిజాజ్ అనే స్వరాల వరసను మీరు సంగీతం నేర్చుకున్న మొదటి రోజే సగం వాయించేశారు. మాయామాళవగౌళలోని స రి గ మ, అవే నాలుగు స్వరాలు. పైన శుద్ధ ధైవతం, కైశిక నిషాదం పెడితే వకుళాభరణం మేళం. కానీ మన గమకాలు అక్కడికి మోసుకెళ్లకండి. అక్కడ స్వరం ఊగదు, విరుగుతుంది.

తాళం దగ్గర మనకు భయం ఉండదు. పైదుష్కో నాట్యం 2+3, అంటే ఖండచాపు లెక్క. మాసిడోనియా లెస్నోటో 3+2+2, మిశ్రచాపు లెక్క. బల్గేరియా రచెనిట్సా మాత్రం 2+2+3, పొడుగు దెబ్బ చివర. మిశ్రచాపు అలవాటున్నవాళ్లు సరిగ్గా ఇక్కడే జారుతారు, చెయ్యి పొడుగు దెబ్బను ముందుకు లాక్కొస్తుంది. కొపానిట్సా 2+2+3+2+2, మొత్తం పదకొండు.

1982లో వచ్చిన రోలాండ్ ఎస్‌హెచ్-101 సింథసైజర్‌లో వంద స్వరాల సీక్వెన్సర్, అంటే ఎక్కించిన స్వరాలను తనంతట తానే తిప్పి వాయించే సాధనం, ఉంది. ఏడు స్వరాలు ఎక్కించి వదిలితే ఏడు మీదే తిరుగుతుంది, నాలుగుకో ఎనిమిదికో కట్టుబడదు. సాధనకు దీన్ని మించింది లేదు. కచేరీలో మాత్రం నేను దాన్ని ఆపేస్తాను. నాట్యం చేసేవాళ్ల కాళ్లను బట్టి ఆ పొడుగు దెబ్బ ఒక్కోసారి కాస్త సాగుతుంది, కాస్త కుదించుకుంటుంది. యంత్రం అలా సాగదు, డ్రమ్మర్ సాగుతాడు.

ఇప్పుడు రచెనిట్సా వాయిస్తాను. మీరు చప్పట్లు కొట్టండి: పొట్టి, పొట్టి, పొడుగు. వేగం మెల్లగా పెంచుతాను.